దాచవలసినది ఏమియు లేనివారికి

"నా ఫోనులో దాచవలసినంత రహస్యమేమున్నది? చూచువారిని చూచుకొననిండు" అని నిశ్చింతగా పలుకు పెద్దమనుష్యులు మనలో కోకొల్లలు. వారిలో ఉపాధ్యాయులు కలరు, వర్తకులు కలరు, పింఛను పుచ్చుకొనుచున్న ఉద్యోగులు కలరు, కళాశాలలలో చదువుకొనుచున్న యువతీయువకులును కలరు. ఈ మాట పలుకువారెల్లరు అజ్ఞానులనియో అజాగ్రత్తపరులనియో తలంచుట తగదు. ఒకరి సొమ్మునకు ఆశపడక, అప్పు ఎగవేయక, పన్ను సక్రమముగా చెల్లించుచు జీవితము గడపిన మనుష్యుని ఆత్మవిశ్వాసము ఆ మాటలో ధ్వనించుచున్నది. అది గౌరవింపదగిన గుణమే. అయినను ఆ మాట దేనిపై ఆధారపడి నిలిచియున్నదో పరిశీలించినచో, దాని క్రింద నాలుగు నమ్మకములు పైకి కానరాక ఇమిడియున్నట్లు తేటపడును. గోప్యత అనునది తప్పు చేసినవాడు తలదాచుకొను చాటు మాత్రమే యనునది మొదటి నమ్మకము. మనలను గూర్చిన సమాచారమును చూచువాడు దానిని సరిగానే చదువుననునది రెండవది. అందువలన కలుగు మేలుకీడులు మనతోనే ముగియుననునది మూడవది. నేడు చూచుచున్నవాడే రేపును చూచుననునది నాల్గవది. ఈ నాలుగింటిలో ఏదియు అనుభవపు గీటురాతికి నిలువలేదని, గోప్యత వలన అన్నిటికంటె అధికముగా రక్షణ పొందువాడు ఏ పాపము ఎరుగని సామాన్యుడే యని నిరూపించుట ఈ వ్యాసమున నా యత్నము.

మొదటి నమ్మకమును గూర్చి మన సుప్రీంకోర్టునందు ఆరు దశాబ్దములకు పూర్వమే ఒక చిరస్మరణీయమైన వ్యాజ్యము నడచినది. ఉత్తరప్రదేశమునకు చెందిన ఖరక్ సింగ్ అను వ్యక్తిని 1941లో ఒక బందిపోటు కేసున పోలీసులు అనుమానించి పట్టుకొనిరి. సాక్ష్యము లభింపకపోవుటచే విడిచిపెట్టిరి. న్యాయదృష్టిలో అతడు నిర్దోషి. అయినను అతని పేర ‘హిస్టరీ షీటు’ తెరచి, అతని రాకపోకలను, అలవాట్లను, స్నేహసంబంధములను కనిపెట్టి వ్రాసికొనుచు వచ్చిరి. అర్ధరాత్రివేళ కానిస్టేబుళ్లును చౌకీదార్లును వచ్చి, తలుపు తట్టి, కేకలు వేసి తన్ను నిద్రనుండి లేపుచుందురనియు, పొరుగూరికి పోవలసివచ్చినచో ఎచ్చటికి పోవుచున్నదియు ఎప్పుడు తిరిగివచ్చునదియు చౌకీదారునకు విన్నవించి పోవలసివచ్చుచున్నదనియు అతడు న్యాయస్థానమునకు మొరపెట్టుకొనెను. 1962 డిసెంబరులో తీర్పు వెలువడెను. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు, రాత్రివేళ ఇంటిలోనికి వచ్చుట రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి గాని, అతని కదలికలను కనిపెట్టియుండుటలో దోషము లేదనియు, గోప్యత అను హక్కు మన రాజ్యాంగమున హామీ ఈయబడినది కాదనియు నిర్ణయించిరి.

ఆ నిర్ణయముతో ఏకీభవింపని న్యాయమూర్తులు ఇద్దరు. వారిలో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారు, రాజమహేంద్రవరమున జన్మించినవారు, ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా ఉండి అనంతరము భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించినవారు అగు కోకా సుబ్బారావుగారు, జె.సి. షాగారు వారితో కలిసిరి. రాజ్యాంగము పేరు పెట్టి చెప్పకపోయినంతమాత్రమున గోప్యత లేకపోలేదనియు, వ్యక్తిస్వేచ్ఛకు అది విడదీయరాని అంగమనియు, అడుగడుగున వెంటాడబడు మనుష్యుని కాళ్లకు సంకెల లేకున్నను వాడు స్వేచ్ఛగా సంచరించుచున్నాడని చెప్పజాలమనియు సుబ్బారావుగారు వాదించిరి. తన్నెవరో చూచుచున్నారను ఎరుక మనుష్యుని నడవడిని లోలోపలనే మార్చివేయునను సూక్ష్మమును ఆయన ఆనాడే గ్రహించిరి. సుమారు 55 సంవత్సరములు గడచిన పిదప, 2017 ఆగస్టు 24వ తేదీన, విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు ఆధార్ విషయమున వేసిన వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా ప్రకటించి, అల్పసంఖ్యాకుల పక్షమున మిగిలిపోయిన ఆ భిన్నాభిప్రాయమునకు పట్టము కట్టినది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్‌గారు ఆ తొమ్మండుగురిలో ఒకరు. మన దేశమున ఈ హక్కును గూర్చిన చర్చకు మూలపురుషుడైన ఖరక్ సింగ్ సాక్ష్యము లేక విడువబడినవాడు. అతనియొద్దను దాచవలసిన నేరమేదియు లేకుండెను.

నేడు ఏ చౌకీదారును వచ్చి తలుపు తట్టనక్కరలేదు. మన జేబులోని ఫోను, మనము మాటలాడుచున్నను లేకున్నను, దగ్గరనున్న టవరుతో సంబంధము పెట్టుకొనుచునే యుండును. అందుచే మనము ఏ వేళ ఏ పేటలో ఉన్నదియు టెలిఫోను సంస్థకు తెలియుచుండును. టార్చిలైటు కొరకో, పంచాంగము కొరకో, పిల్లల ఆట కొరకో మనము దింపుకొను యాప్‌లు లొకేషన్ అడుగును, కాంటాక్టులు అడుగును, ఫోటోలు అడుగును. మనము చదువకయే ‘అనుమతించు’ అను మీటను నొక్కుదుము. వాట్సాప్ సంభాషణ 2016 నుండి ఇరువురికి తప్ప అన్యులకు అర్థముకాని సంకేతలిపిలో పోవుచున్నమాట నిజమే. కాని ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎన్నిమారులు మాటలాడిరనునది ఆ తాళము వెలుపల మిగిలిపోవు విషయము. ఒక స్త్రీ ఉదయమున కేన్సరు ఆసుపత్రికి, మధ్యాహ్నమున బీమా కార్యాలయమునకు, సాయంత్రమున న్యాయవాదికి ఫోను చేసినదని తెలిసినచో, ఆమె పలికిన మాట ఒక్కటియు వినకయే ఆమె సంసారమును గూర్చి ఎంత ఊహింపవచ్చునో చదువరులు గ్రహింపగలరు.

పేరు తొలగించితిమి గనుక ప్రమాదము లేదని సంస్థలు చెప్పు మాటకును విలువ స్వల్పమే. 2006 ఆగస్టులో అమెరికాలోని ఏఓఎల్ అను సంస్థ, పరిశోధకులకు ఉపకరించునను సదుద్దేశముతో, సుమారు 6,50,000 మంది తన సెర్చి పెట్టెలో టైపు చేసిన మాటలను, వారి పేర్లకు బదులు సంఖ్యలు వేసి ప్రకటించెను. కొలది దినములలోనే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఆ సంఖ్యలలో ఒకదాని వెనుకనున్న వృద్ధురాలిని, ఆమె వెదకిన ఊరి పేర్లను, ఇంటిపేర్లను, రోగలక్షణములను ఒకదానితో నొకటి ముడివేసి, ఆమె ఇంటికే పోయి కలిసికొనగలిగిరి. ఆమెయు ఏ నేరము చేసినది కాదు. తన సందేహములను ఒక యంత్రమును అడుగుచున్నాననుకొన్నదేగాని, లోకమునకు విన్నవించుచున్నానని ఆమె ఎరుగదు.

ఇక రెండవ నమ్మకము: చూచువాడు సరిగా చదువుననునది. దీనికి తార్కాణమును దూరదేశములలో వెదకనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వము వివిధ శాఖలయొద్ద వేరువేరుగా నున్న వివరములను, అనగా వాహనముల రిజిస్ట్రేషను, ఆస్తిపన్ను, విద్యుత్తు కనెక్షను మొదలైనవానిని, ఒకచోట చేర్చి పోల్చి చూచుటకై ‘సమగ్ర వేదిక’ అను కంప్యూటరు వ్యవస్థను నిర్మించెను. అనర్హులకు సర్కారు బియ్యము పోరాదను ఉద్దేశము ప్రశంసింపదగినదే. కాని మన దేశమున ఒకే పేరు గలవారు వేలకొలది కలరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక వచ్చును. ఒకే పేరు ఒక కాగితమున ఒక విధముగా, మరియొక కాగితమున మరియొక విధముగా వ్రాయబడును. రిక్షా తొక్కి జీవించిన ఒక హైదరాబాదు నివాసి కుటుంబమునకు, పేరు పోలికను బట్టి మరియొకరి కారు అంటగట్టబడి, కార్డు లేకుండపోయిన ఉదంతము పత్రికలకెక్కినది. విచారణ లేక రద్దయిన కార్డులను గూర్చి వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోగా, సుమారు 19 లక్షల కార్డుల విషయమున క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలన జరుపవలసినదిగా 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము ఆదేశించెను. రద్దయినవానిలో అనర్హుల కార్డులు లేవని కాదు. యంత్రము తప్పు చదివినప్పుడు ఆ తప్పును కనుగొనవలసిన భారము, దానిని సరిదిద్దుకొనుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలసిన శ్రమ, తిరుగుటకు బస్సుచార్జీలు సైతము లేని నిరుపేదపై పడినవి. దాచవలసినదేమియు లేకుండుట ఆ కుటుంబమును కాపాడలేదు.

మన పల్లెలలో పెద్దలకు కరణముల కాలము ఇంకను జ్ఞాపకముండును. 1984లో ఆ ఉద్యోగములు రద్దగు వరకు గ్రామమున కరణమునకు గల పలుకుబడి, అతని భూమిని బట్టియో బలగమును బట్టియో వచ్చినది కాదు; అందరి పొలముల లెక్కయు అతని దస్త్రములో ఉండుటయు, ఆ దస్త్రములో ఏమి వ్రాసియున్నదో రైతునకు తెలియకుండుటయు దానికి కారణములు. మంచి కరణముండిన ఊరు సుఖపడినది, లేని ఊరు కోర్టులపాలైనది. నేటి దస్త్రము పొలమునకు పరిమితము కాలేదు, ఒక ఊరికిని పరిమితము కాలేదు. దానిని వ్రాయుచున్న కరణము ఏ దేశమున కూర్చుండియున్నాడో సైతము మనకు తెలియదు.

మూడవ నమ్మకము వీనియన్నిటిలో మిక్కిలి అమాయకమైనది. నా సమాచారము నాది, దానిని ఇచ్చుకొందునో మానుదునో నా ఇష్టమని అనుకొందుము. 2020వ సంవత్సరాంతమున తెలుగునాట అప్పుల యాప్‌లు సాగించిన దారుణమును స్మరించినవారెవరును మరల ఆ మాట అనరు. అయిదువేలో పదివేలో తక్షణమే ఇత్తుమని పిలిచి, అప్పు తీసికొనువాని ఫోనులోని కాంటాక్టులను, ఫోటోలను గ్రహించి, గడువు తప్పినంతనే అతని అత్తవారికి, తోడి ఉద్యోగులకు, పూర్వపు ఉపాధ్యాయులకు సైతము ఫోనులు చేసి, వీడు మోసగాడని చాటి, ఛాయాచిత్రములను వికృతముగా మార్చి పంపి, అభిమానవంతులను ప్రాణత్యాగమునకు పురికొల్పిన సంఘటనలు ఆనాడు వరుసగా వెలుగుచూచినవి. తెలంగాణ పోలీసులు దాడులు జరిపి, విదేశీయులతో సహా పలువురను నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన మార్గదర్శకములు, అప్పులిచ్చు యాప్‌లు కాంటాక్టుల జాబితాను, కాల్ వివరములను, ఫోటోల భాండారమును తాకరాదని శాసించినవి. ఇందలి నీతి స్పష్టము. అప్పు తీసికొన్నవాడు ఒకడు, అవమానపు ఫోనులు అందుకొన్నవారు వందమంది. ఆ వందమందిలో ఒక్కరును ఏ మీటను నొక్కలేదు, ఒక్కరి సమ్మతిని ఎవరును అడుగలేదు.

ఈ సత్యమునే లోకమునకు అంకెలతో చూపిన ఉదంతము కేంబ్రిడ్జ్ ఎనలిటికాది. ఫేస్‌బుక్‌లో మనస్తత్వ పరీక్ష పేరిట ప్రవేశపెట్టబడిన ఒక యాప్, దానిని వాడినవారి వివరములతోపాటు వారి స్నేహితుల వివరములను సైతము గ్రహించి, ఎన్నికల ప్రచార వ్యాపారము చేయు ఆ సంస్థకు చేరవేసెనని 2018లో బయటపడెను. భారతదేశమున ఆ యాప్‌ను వాడినవారు 335 మంది మాత్రమే. కాని దానిచే ప్రభావితులై యుండగల భారతీయులు 5,62,455 మంది యని ఫేస్‌బుక్ తానే ప్రకటించెను. ఒకడు "నాకేమి?" అని విడిచిపెట్టిన వాకిలినుండి ఎందరి ఇండ్లలోనికి ప్రవేశము లభించునో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి. కావున తన గోప్యతను తృణీకరించువాడు తన సొత్తునే దానము చేయుచున్నాననుకొనుట భ్రమ. ఇరుగుపొరుగువారి సొత్తును వారికి చెప్పకయే ధారపోయుచున్నాడు.

పోయినదానిని మరల తెచ్చుకొనవచ్చునుగదా యనువారు కలరు. తాళము పోయినచో తాళము మార్చవచ్చును, పాస్‌వర్డు పోయినచో పాస్‌వర్డు మార్చవచ్చును, వ్రేలిముద్ర మారదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారమున సిమ్‌కార్డులు అమ్ము ఒకడు, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో ఎల్లరకు అందుబాటులో నుంచబడిన భూమి దస్తావేజులను దింపుకొని, వానిపైనున్న వ్రేలిముద్రలను రబ్బరు స్టాంపులుగా తయారుచేసి, ఆ ముద్రలతోను ఆధార్ సంఖ్యలతోను వేలకొలది సిమ్‌కార్డులను పరుల పేర చలామణిలోనికి తెచ్చి పట్టుబడెను. పొలము కొన్న రైతు చేసిన అపరాధమేమి? సర్కారు చెప్పినచోట వ్రేలు పెట్టుటయే. అంతకు ముందటి సంవత్సరము, బెంగుళూరులోని ఇంటర్నెట్ అధ్యయన సంస్థయొకటి నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులను పరిశీలించి, సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బహిరంగముగా కానవచ్చుచున్నవని వెల్లడించెను. ఆ నాల్గింటిలో రెండు, ఉపాధిహామీ చెల్లింపులకును చంద్రన్న బీమాకును సంబంధించిన ఆంధ్రప్రదేశ్ వెబ్‌సైటులు. ఇచ్చట దొంగలెవరును లేరు, దురుద్దేశమును లేదు; అజాగ్రత్త మాత్రమే యున్నది. అజాగ్రత్తయొక్కటి చాలును.

నాల్గవ నమ్మకమునకు చరిత్ర ఇచ్చిన సమాధానము మిక్కిలి విషాదకరమైనది. నెదర్లాండ్స్ దేశమున రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము పురపాలక సంఘములు ప్రతి పౌరుని పేరు, చిరునామా, మతము చక్కగా నమోదు చేసియుంచుచుండెడివి. ప్రజాస్వామ్య ప్రభుత్వమున, నిజాయితీపరులైన గుమస్తాలు, పరిపాలనా సౌలభ్యమునకై వ్రాసియుంచిన పట్టికలవి. తమ మతమును చెప్పుటకు ఆనాడు యూదులెవరును సంకోచింపలేదు, సంకోచింపవలసిన హేతువును లేకుండెను. 1940 మే నెలలో జర్మను సైన్యము ఆ దేశమును ఆక్రమించెను. ప్రభుత్వము మారినది, పట్టికలు మారలేదు. ఏ వీధిలో ఏ ఇంట యూదులున్నదియు ఆ పట్టికలే వ్రేలు పెట్టి చూపినవి. ఆ దేశముననున్న సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులైరి. 1943 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ దేశభక్తులు కొందరు జనాభా నమోదు కార్యాలయమునకు నిప్పుపెట్టి ఆ కాగితములను దహింపజూచిరి. కొంత భాగము మాత్రమే కాలినది, పట్టుబడినవారిలో పన్నెండుగురిని కాల్చి చంపిరి. కాగితములను కాల్చుటకు ప్రాణములొడ్డిన ఆ మనుష్యులకు, దాచవలసినది ఏమియు లేనినాడు ఇచ్చిన సమాచారము ఏమి చేయగలదో తెలిసియుండెను. పాలకులు మారుచుందురు, సంస్థలు అమ్ముడుపోవుచుండును, చట్టములు సవరింపబడుచుండును. ఒకమారు చేరిన సమాచారము మాత్రము చేరినచోటనే యుండి, తరువాత వచ్చువాని ఆజ్ఞకై వేచియుండును.

ఇంతమాత్రమున ప్రభుత్వము ఏమియు తెలిసికొనరాదనియు, పోలీసులు నేరస్థుని వెదకరాదనియు చెప్పుట నా ఉద్దేశము కాదు. తప్పిపోయిన పసిబిడ్డను కెమెరా సాయమున తల్లి యొడికి చేర్చినప్పుడు, వృద్ధాప్యపు పింఛను దళారి చేతిలో పడక నేరుగా ఖాతాలో పడినప్పుడు సంతసింపనివారుండరు. 2017 నాటి తీర్పును గోప్యతకు హద్దులేదని చెప్పలేదు. గోప్యతకు భంగము కలిగించు ఏ చర్యకైనను చట్టపు ఆధారముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ఆ ప్రయోజనమునకు ఎంత అవసరమో అంతకుమించి పోరాదు. ఇవి ఆ తీర్పు మన చేతికిచ్చిన కొలమానములు. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధులలో పోలీసులు దారిన పోవువారిని నిలిపి, వారి ఫోనులు తీసికొని, వాట్సాప్‌లో గంజాయిని గూర్చిన మాటలున్నవేమోయని వెదకుచున్న దృశ్యములు ప్రచారములోనికి వచ్చినప్పుడు, ఈ కొలమానములతో కొలువవలసిన అవసరము ఎంతయున్నదో విజ్ఞులకు అవగతమైనది. గంజాయిని అరికట్టుట మంచిదే. ఏ అనుమానమునకును తావీయని బాటసారి ఫోనును తెరిపించుట వేరు. ఖరక్ సింగ్ తలుపు అర్ధరాత్రి తట్టబడినది; వీరి తలుపు పట్టపగలు నడివీధిలో తట్టబడినది.

2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును చేసినది. మన సమాచారమును గ్రహించువారు దేనికొరకో తెలిపి సమ్మతి పొందవలెననియు, తప్పులు దిద్దుమనియు తొలగింపుమనియు కోరుటకు మనకు హక్కు కలదనియు, రక్షణలో విఫలమైనచో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చుననియు అది చెప్పుచున్నది. దేశభద్రత మొదలగు కారణములపై ప్రభుత్వ సంస్థలను మినహాయించు అధికారమును ప్రభుత్వము తనకే యుంచుకొనుట దానిలో పెద్ద లోపమని విమర్శకులు ఎత్తిచూపిరి. ఆ విమర్శ నిరాధారమైనది కాదు. ఏ చట్టమైనను అడుగువారుండినప్పుడే పనిచేయును. "నాకు గోప్యత అక్కరలేదు" అని కోట్లాది ప్రజలు పలుకు దేశమున, ఆ హక్కు తీర్పుల సంపుటములలో భద్రముగా నుండునేగాని బజారులోనికి రాదు.

అందువలన చదువరులకు నా మనవి ఆచరణకు సంబంధించినది. ఫోనులోని సెట్టింగులను ఒక్కమారు తెరచి, ఏ యాప్‌నకు ఏ అనుమతి ఇచ్చియున్నారో చూడుడు. పంచాంగమునకు మీ కాంటాక్టులతో పనిలేదు, లెక్కల యాప్‌నకు మీ మైకుతో పనిలేదు, అట్టివానిని నిస్సంకోచముగా తొలగింపుడు. ఆధార్ ప్రతి ఈయవలసివచ్చినచోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కానవచ్చు మాస్క్‌డ్ ఆధార్‌ను ఈయుడు. అవసరము లేనప్పుడు వ్రేలిముద్రలకు బయోమెట్రిక్ లాక్ వేసియుంచుడు. రెండు సదుపాయములును ఆధార్ సంస్థయే ఉచితముగా కల్పించుచున్నది. దుకాణమున బిల్లు చెల్లించునప్పుడు ఫోను నంబరు అడిగినచో ఎందులకని ప్రశ్నింపుడు. నంబరు ఇచ్చితీరవలెనని దుకాణదారులు నిర్బంధింపరాదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలోనే సూచించియున్నది. పరుల ఫోటోను, పరుల నంబరును, పరుల ఆసుపత్రి కాగితమును గ్రూపులో పెట్టుటకు ముందు వారినొకమాట అడుగుడు. పిల్లల పుట్టినదినము, బడి పేరు, ఇంటి గుర్తులు లోకమునకు చాటకుడు. ఆ బిడ్డ పెరిగి పెద్దయైన పిదప తన్ను గూర్చి ఏది ఎవరికి చెప్పవలెనో నిర్ణయించుకొను హక్కు ఆ బిడ్డకు కలదు.

ఇక మీదట ఎవరైనను "నాయొద్ద దాచవలసినదేమియు లేదు" అని మీతో అన్నచో, వారితో వాదులాడకుడు. సాక్ష్యము లేక విడుదలైన ఖరక్ సింగ్‌ను, పేరు పోలికచే కార్డు పోగొట్టుకొన్న కుటుంబమును, దస్తావేజుపై వ్రేలు పెట్టిన రైతును, పరుని అప్పునకు తిట్లు తిన్న బంధువులను వారికి గుర్తుచేయుడు. వీరందరును ఆ మాటను నిజాయితీగా అనదగినవారే. వీరిలో ఒక్కరినైనను ఆ మాట కాపాడలేదు. కావున గోప్యతను కోరుట, కోరినప్పుడు సిగ్గుపడకుండుట, పరుల గోప్యతను తనదానివలె మన్నించుట నిర్దోషియైన ప్రతి పౌరునకును కర్తవ్యము.